ఇంటి వైఫైలో ఉండేవాళ్ళు

హోసూరులో ఒక కంపెనీలో నాది తనిఖీ పని. బాగున్న వస్తువును కూడా ఎక్కడైనా తేడా ఉందేమో అని చూడడానికే నాకు జీతమిస్తారు. ఆ బుద్ధిని గేటు బయటే వదిలేసి ఇంట్లోకి రమ్మంటుంది నా భార్య. అదేమైనా చెప్పుల జతా, వదిలేసి రావడానికి?

అమ్మ పోయాక ఆమె వీడియోలన్నీ నా దగ్గర ఒక పాత హార్డ్ డిస్కులో మిగిలాయి. బాగలూరు దగ్గర మా గులాబీ తోటలో ఆమె పూలు కోయడం, కూలీలను కేకలేయడం, ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుంటావని నన్ను తిట్టడం. అవి ఇంకెక్కడా లేవు. ఈ మధ్య ఆ డిస్కు టకటకమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అది ఆగిపోతే అమ్మ గొంతు ఇక వినలేను.

హోసూరు బజారులో ఒక కంప్యూటర్ అంగడికి వెళ్ళాను. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చు అన్నాడు అంగడాయన. నెలనెలా అద్దె కట్టి మా అమ్మను ఊరూ పేరూ తెలియనివాళ్ళ ఇంట్లో పెట్టాలా? కుదరదన్నాను. అప్పుడు ఒక నల్లడబ్బా చూపించాడు. రౌటర్ పక్కన పెట్టుకుంటే టీవీలోనూ ఫోన్లోనూ వీడియోలు చూసుకోవచ్చట. అందులో రెండు డిస్కులు వేయాలట, రెండింటిలోనూ ఉండేవి అవే వీడియోలట.

"అవే వీడియోలకు రెండు డిస్కులా? నాకు టోపీ పెడతాండావా అప్పా?"

"ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుంది కదన్నా."

నేను నమ్మలేదు. ఇంట్లో బిగించిన రోజు, టీవీలో వీడియో నడుస్తుండగానే ఒక డిస్కును బయటికి లాగమన్నాను. అతను నా ముఖం కేసి ఒకసారి చూసి లాగాడు. అమ్మ ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. ఆ అనుమానం తీరింది. వెంటనే ఇంకొకటి పుట్టింది.

"నువ్వు నీ అంగట్లో కూర్చోని చూస్తే?"

"బయటి దారి మూసేసినానన్నా. మీ ఇంటి వైఫైలో ఉండేవాళ్ళు తప్ప ఎవురూ చూడలేరు. ఇంట్లోవాళ్ళకి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, టీవీ పెడితే వచ్చేస్తుంది."

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం చూస్తే, మా టీవీ ఆపి ఉంది, మా ఇద్దరి ఫోన్లూ బల్లమీద ఉన్నాయి, డబ్బా దీపం మాత్రం గబగబా కొట్టుకుంటోంది. ఎవరో చూస్తున్నారు. అంగడాయనకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అంతా విని, ఎవరు చూస్తున్నారో తెలియాలంటే ఎక్కడ నొక్కాలో ఓపికగా చెప్పాడు. నొక్కితే, మాది కాని టీవీ పేరొకటి కనిపించింది.

"వైఫై పాస్‌వర్డ్ ఎవురికైనా ఇచ్చినారా అన్నా?"

"నేనా? సచ్చినా ఇయ్యను" అని ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోతుంటే గాలికోసం పెరట్లోకి వెళ్ళాను.

పెరటికి అడ్డంగా ఒక గోడ ఉంది. అమ్మ పోయాక తమ్ముడూ నేనూ వేరుపడినప్పుడు కట్టింది. పెద్దమనుషులు కూర్చుని తోట, బోరు మోటారు, ఆవులు, ఆఖరికి అమ్మ ఇత్తడి బిందెలు కూడా పంచారు. అందరం కలిసి వాడుకున్న వైఫై సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

గోడ అవతలినుంచి అమ్మ గొంతు వినిపించింది.

"పెద్దోడా, ఆ ఫోను కింద పెట్రా. నీ తమ్ముడొస్తాడు, ఉండు. ఇద్దురూ ఒకతూరే తిందురు."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మళ్ళీ అదే మాట, "పెద్దోడా" దగ్గర్నుంచి. తమ్ముడు వెనక్కి తిప్పి మళ్ళీ వింటున్నాడు.

దొంగ దొరికాడని నేను ఎగిరి గంతేయాలి. ఏడుపొచ్చింది. ఆ మాట అమ్మ నన్ను పిలిచి చెప్పింది, కానీ వాడి కోసం చెప్పింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయాను.

నా భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆమెకూ వినపడింది.

"అంగడాయనకి పాస్‌వర్డ్ మార్చమని చెప్పేదా?"

"వద్దు."

"దొంగతనంగా చూసే బదులు ఆయప్ప వచ్చి ఒక మాట అడగొచ్చు కదా?"

"వాడు అడగడు. నేనూ అడగను" అన్నాను. "అందుకే కదా ఈ గోడ లేచింది."