నాలుగు బెజ్జాల బల్ల

బస్సు మలుపు తిరుగుతూ ఒరిగేసరికి పక్కసీటు పెద్దమనిషి ఒళ్లోని గుడ్డమూట నా మోకాలికి టక్కున తగిలింది. "అయ్యయ్యో, దెబ్బ తగిలిందా?" అన్నాడాయన. పర్లేదండీ అనబోయి ఆగిపోయాను. ఆయన పలకరింపు నా మోకాలికి కాదు. మూట విప్పి, లోపలున్న చెక్కపలకని అంచులంటా వేలితో తడిమి, దానికేమీ కాలేదని తేలాక ఊపిరి వదిలాడు.

కాఫీ ట్రే అంత ప్లైవుడ్ ముక్క. నాలుగు మూలల దగ్గరా నాలుగు బెజ్జాలు. ఒక్కో బెజ్జం చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీసిన సున్నా.

"ఏదన్నా ఆటబల్లాండీ?" అనడిగాను. ఊళ్లు తిరిగేవాడి నోరు ఊరుకోదు.

ఆయన జవాబు చెప్పేలోగా ముందుసీట్లోంచి ఆయన భార్య వెనక్కి తిరిగింది. "ఆటేనండీ అన్నయ్యగారూ. రిటైరైన దగ్గర్నుంచీ ఈయన నాతో ఆడుతున్న ఆట."

"నువ్వు ముందుకి తిరుగు. మెడ పట్టేస్తుంది."

"పడితే పట్టనీండి. ఇవాళ్టితో తేలిపోతుందిగా."

తేలవలసిందేమిటో ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ చెప్పారు. వాళ్లింట్లో వెనకగది ఒకటుంది. రెండు కిటికీలు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలుతురు. ఇంట్లో అంత వెలుతురున్న గది అదొక్కటే. దాన్ని ఆయన వడ్రంగం గది అంటాడు. అందులో చెక్క తిప్పే చిన్న లేత్ మిషను, బల్లమీద పెట్టుకునేది, మీట తిప్పితే వేగం తగ్గేది పెరిగేది, ఒకటి రావాలి. ఎప్పట్నుంచో రావాలి. ఆవిడేమో బట్టలు కుడుతుంది. ఆవిడ కుట్టుమిషన్లు రెండూ స్నానాలగది పక్క నడవలో, పట్టపగలు కూడా దీపం వేసుకోవలసిన చోట ఉన్నాయి. ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది: ఇవాళ లేత్ కొని తెస్తే గది ఆయనది. ఉత్తచేతులతో వస్తే గది ఆవిడది.

"మా తమ్ముణ్ణి సాయంత్రానికి రమ్మన్నాను, బల్ల బయటికి మొయ్యడానికి," అంది ఆవిడ. "కర్టెన్లకి కిటికీల కొలతలు కూడా తీసేశా."

"దాని ధీమా చూశారా మాస్టారూ?" అన్నాడు ఆయన. నేను మాస్టర్ని కాను. గెడ్డం నెరిస్తే ప్రతివాడూ మాస్టరే.

ఆవిడ ధీమాకి కారణం తెలియాలంటే ఈయన చేసిన ఉద్యోగం తెలియాలి. ఒక పెద్ద ఆఫీసులో కొనుగోళ్ల విభాగానికి సూపరింటెండెంటు. వస్తువు ఎలా ఉండాలో ముందు కాగితం మీద రాయాలి, పైవాళ్లు సంతకం పెట్టాలి, ఆ తర్వాత కాగితానికి సరిపోయే వస్తువు వెతకాలి. సరిపోకపోతే వెనక్కి పంపాలి. కాగితం మాత్రం మారదు. ఆయన హయాంలో ఒక సెక్షను మొత్తం చాలాకాలం నుంచునే పనిచేసిందట. ఆయన రాసిన కుర్చీ ఇంకా ఈ లోకంలో పుట్టలేదు మరి. పుట్టిన కుర్చీలన్నీ వచ్చి, కొలతలు ఇచ్చుకుని, తలవంచుకుని వెళ్లిపోయాయి. నుంచున్నవాళ్లు తిట్టుకున్నారేమోగానీ ఆడిట్ వాళ్లు మెచ్చుకున్నారు. వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. కొటేషన్‌గారు అంటేనే ఇల్లు చూపిస్తారు.

అలాంటి మనిషి లేత్ కొనాలనుకున్నాడు. మన భాషలో దానికి తరిమెన అని చక్కటి మాట ఉంది. మంచం కోళ్లు, బొంగరాలు, ఉయ్యాల బల్లల గుబ్బలు, అన్నీ తరిమెన పట్టినవే. చెక్క తిరుగుతూ ఉంటుంది, ఉలి ఆనించి ఉంచుతాం, తిరిగే చెక్కే తన ఒళ్లు తాను చెక్కుకుంటుంది. ఇంత హాయైన పని ఇంకొకటి లేదని చాలాచోట్ల విన్నాను. ఇంత భయపెట్టే పని లేదని కూడా విన్నాను, చేసినవాళ్ల దగ్గర.

ఆయన ఒక కేటలాగు చూసి మిషను ఎంచుకున్నాడు. మిషను వచ్చేలోపు బల్ల తయారుగా ఉండాలి కదా అని బల్ల చేశాడు. దళసరి దూలం కోయించి, తనే చిత్రిక పట్టి, అరచేయి జారిపోయేంత నున్నగా చేశాడు. కేటలాగులో ఉన్న కొలత ప్రకారం మిషను బిగించడానికి నాలుగు బెజ్జాలు పెట్టాడు. పెట్టి ఆర్డరిస్తే కంపెనీవాళ్లు ఆ మోడలు ఆపేశామన్నారు.

మీరైతే ఏం చేస్తారు? నేనైతే ఏం చేస్తాను? ఇంకో మిషను కొని ఇంకో నాలుగు బెజ్జాలు పెట్టుకుంటాం. కొటేషన్‌గారు మాత్రం బెజ్జాల అచ్చు ప్లైవుడ్ మీదకి దింపుకుని, దానికి సరిపోయే మిషను కోసం కొట్లు తిరగడం మొదలుపెట్టాడు. నాడా దొరికిందని గుర్రాన్ని కొనబోయినవాణ్ణి చూసి లోకం నవ్వింది. ఈయన ఆ నాడా పట్టని గుర్రాలన్నిటినీ కాదని పంపేస్తున్నాడు.

"మరీ అంత తేలిగ్గా తీసెయ్యకండి," అన్నాడు నా మొహం చూసి. "నా బల్ల మీద ఒక్క గాటు లేదు. ఒక్క తప్పు లేదు. ఆ బెజ్జాల పక్కన మళ్లీ బెజ్జాలంటే, ముందువి తప్పని నేనే రాసిచ్చినట్టు కాదూ?"

"ఎవరికి రాసిస్తారండీ? బల్లకా?" అంది ఆవిడ.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాణ్ణి పుస్తకాల్లో చదివాను. నాలుగు బెజ్జాలున్న కుందేల్ని ఒళ్లో పెట్టుకున్నవాడి పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. ఆ ఊళ్లో నాకు పనేం లేదు. పనున్న ఊరూ ఎక్కడా లేదు. వాళ్లతోపాటే దిగాను.

మిషన్ల కొట్టు ఇనుప సామాన్ల వీధి చివర. కొట్టాయన కౌంటరు వెనకనుంచి చూసి, చేతిలో టీగ్లాసు కిందపెట్టి లేచాడు.

"రండి రండి సార్! పలక తెచ్చారా? మొన్న మీరొచ్చి వెళ్లాక ఒక మిషను బెంగ పెట్టుకుంది."

"పరిహాసాలు తర్వాత. కొత్తవి ఏమొచ్చాయి?"

"మూడున్నాయి. అమ్మా, మీరు కూర్చోండి. సార్ చూసేసరికి పొద్దుపోతుంది."

"నేను కూర్చోడానికి రాలేదు బాబూ. గది తీసుకెళ్లడానికొచ్చా."

మొదటి మిషను చూడముచ్చటగా ఉంది, పిల్లల బొమ్మలా. మీట తిప్పగానే గిజగిజలాడుతూ బల్లమీద నడవడం మొదలుపెట్టింది. లేత్‌కి బరువే ప్రాణమనీ, ఒళ్లు తేలికైతే చెక్కతోపాటు అదీ ఊగుతుందనీ కొటేషన్‌గారు నాకు వివరించాడు. అందులో తప్పేం లేదు. రెండోది గట్టిదే, కానీ వేగం మార్చాలంటే ఆపి, మూత తీసి, బెల్టు ఒక చక్రం మీదనుంచి ఇంకో చక్రం మీదకి వెయ్యాలి. "లావు చెక్క నెమ్మదిగా తిరగాలి మాస్టారూ. సన్నది జోరుగా తిరగాలి. చెక్కుతున్నకొద్దీ లావు సన్నం అవుతుంది. మరి అస్తమానం మూత తీసుకుంటూ కూర్చుంటామా?" అన్నాడు. అదీ నిజమే. ఆయనకి తెలియని సంగతి లేదు. ఈతమీద ఉన్న పుస్తకాలన్నీ చదివి నీళ్లలోకి దిగనివాళ్లని ఇదివరకు చూశాను. వాళ్లు చెప్పేదాంట్లోనూ తప్పుండదు.

మూడోది బూడిదరంగు మిషను. పోత ఇనుము ఒళ్లు. కొట్టాయన మీట ఆన్ చేసి కొంచెం తిప్పితే కుమ్మరి సారెలా నింపాదిగా తిరిగింది, ఇంకా తిప్పితే కనపడకుండా తిరిగింది. మిషను మీద నిలబెట్టిన నాణెం నిలబడే ఉంది. కొటేషన్‌గారి మొహంలో మొట్టమొదటిసారి ఆకలి కనపడింది. గబగబా పలక తీసి మిషను కాళ్ల కిందకి చేర్చాడు.

ముందు రెండు బెజ్జాలు కలిశాయి. వెనక రెండూ బొటనవేలు వెడల్పున తప్పాయి.

ఆవిడ చేతిసంచిలోంచి కర్టెన్ గుడ్డ నమూనా తీసి వెలుతురులో పెట్టి చూసుకుంది.

"సార్," అన్నాడు కొట్టాయన మెల్లిగా, జబ్బు కబురు చెప్పేవాడిలా, "డ్రిల్లు నేనే ఇస్తాను. ఊరికే ఇస్తాను. రెండంటే రెండు బెజ్జాలు..."

"వీల్లేదు."

"పోనీ నేనే వచ్చి పెడతా."

"ఎవరు పెట్టినా అది నా బల్లే కదా!"

పలక గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. ఆ పూటకి వ్యవహారం ముగిసింది. ఆవిడ అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ నేను రాసేవాణ్ణి కాదు. కానీ గెలిచినవాళ్లకి ఇంకో మాట అనాలనిపిస్తుంది.

"ఇన్నాళ్లూ ఈ వస్తువు కోసమేనా నేను చీకట్లో సూది గుచ్చుకున్నది? ఏదీ, నన్ను చూడనీండి," అని మిషను ముందుకి వచ్చింది. కింద అటూ ఇటూ వెతికింది. "దీనికి కాలు ఎక్కడ పెట్టాలి?"

"కాలు కాదమ్మా, చెయ్యి. ఇదిగో మీట. ముందు ఈ అద్దాలు పెట్టుకోండి, జుట్టు ముడేసుకోండి. వదులుగుడ్డ ఏదీ దగ్గరికి రాకూడదు."

ఆవిడ కొంగు నడుముకి బిగించి, కొట్టాయన బిగించిన చెక్కముక్కని నెమ్మదిగా తిప్పించి, చెక్కకి ఎదురుగా ఉలి ఆన్చడానికున్న ఇనుప దన్ను మీద ఉలి పెట్టింది. రోజంతా తిరిగే చక్రం పక్కన బతికే చెయ్యి. ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో ఎవరూ చెప్పలేదు. సన్నటి రిబ్బనులా పొట్టు లేచి ఆవిడ మణికట్టు మీద పడింది.

"ఓస్, ఇంతేనా! అంచు మడిచి కుట్టడం దీనికంటే కష్టం."

కొటేషన్‌గారు చుడుతున్న పలక ఆగిపోయింది. "ఉలి మడమ, అదే పదును వెనకభాగం, ముందు ఆనించాలి," అన్నాడు. "తర్వాత పదును దించాలి. నువ్వు ఎదురు పట్టావు."

"ఎదురు పట్టినా తెగుతోందిగా."

"దన్ను ఇంకాస్త దగ్గరికి జరపాలి. ఎత్తు కూడా చాల్లేదు."

"నోటితో చెక్కడం చాలా చూశాం. మీరు రండి. రారు, నాకు తెలుసు."

వచ్చాడు. రోషమే అనుకుంటాను. అద్దాలు పెట్టుకుని, చదివినవన్నీ వరసగా పెదాలు కదుపుతూ తలుచుకుని, మీట ఉండవలసిన దానికంటే ఎక్కువ తిప్పి, పదునుని చెక్కలోకి దించాడు. ఢామ్మంది. ఉలి ఎగిరింది, చెక్క ఊడి అట్టపెట్టెల్లోకి పోయింది. కొట్టాయన ఒక్కంగలో వచ్చి మిషను ఆపాడు. కొటేషన్‌గారి మొహం సున్నం కొట్టిన గోడ.

"దెబ్బ తగిలిందా?" అంది ఆవిడ. ఈసారి ఆ మాట మనిషి గురించే.

ఆయన తన వేళ్లు తాను చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. "తప్పు చేశాను," అన్నాడు ఆశ్చర్యంగా. ఆ వాక్యం ఆయన నోట్లో కొత్తది, రుచి చూస్తున్నట్టుగా ఇంకోసారి అన్నాడు. "తప్పు చేశాను. వేగం ఎక్కువైంది. ఇంకో ముక్క పెట్టు."

వేగం బాగా తగ్గించాడు. పొట్టు రాలేదు, ధూళి వచ్చింది. ఉలి వాలు మార్చాడు. పొట్టు వచ్చింది. ఇక ఆ మనిషికి లోకం లేదు. గుబ్బ చేద్దామనుకున్నది కోడుగుడ్డు అయింది, కోడుగుడ్డు పెన్సిలయింది, పెన్సిలు పుటుక్కున విరిగింది. భుజాలమీద, కనుబొమ్మలమీద పొట్టు. చేతిలో వస్తువంటూ ఏమీ లేదు. ఒక చెక్కని సాంతం పొట్టు చేసి అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

"కట్టించెయ్యి," అన్నాడు కొట్టాయనతో.

"మరి బెజ్జాలు సార్?"

కొటేషన్‌గారు గొంతు సవరించుకున్నాడు. "పరిస్థితులను బట్టి స్పెసిఫికేషన్ సవరించుకోవచ్చు," అన్నాడు. ఈ నిబంధన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎక్కడ దాచాడో నుంచున్న సెక్షనువాళ్లు అడగాలి.

కొట్టాయన ఆటో పిలుస్తానన్నాడు. ఆటో కుదుపుతుందని ఈయన ఒప్పుకోలేదు. బస్‌స్టాండు దాకా తోపుడుబండి మాట్లాడారు. పెట్టెని పసిబిడ్డని ఎక్కించినట్టు ఎక్కించారు.

ఆవిడ గుమ్మంలో నిలబడి కర్టెన్ గుడ్డముక్కని మడతలమీద మడతలు పెడుతోంది. "చూశారా అన్నయ్యగారూ, నా నోరు! ఈయన పలక చుట్టేసుకున్నారు కదా. ఇంటికి పోతే గది నాదే కదా. రెచ్చగొట్టి మరీ పోగొట్టుకున్నా."

"పోనీలెండమ్మా, చెక్కడం మీకే బాగా వచ్చింది. గది మీరిద్దరూ..."

"ఆ పొట్టులో నేను తెల్లబట్టలు కుట్టాలా?" అని కసిరింది నన్ను. తర్వాత గుడ్డముక్క సంచిలో పడేసి, "ఆ నడవలో గోడ పగలగొట్టి ఒక కిటికీ పెట్టిస్తా. కొటేషన్లు పిలవకుండా," అంది.

"నిదానం, నిదానం! గుంత ఉంది!" అని వీధిలోంచి కేక. కొటేషన్‌గారు బండివాడితో అంటున్నాడు. "వేగం తగ్గించు. ఆఁ, అంతే. ఇప్పుడు కొంచెం పెంచు."

"ఇదిగో బాబూ, నువ్వన్నా తోయి, నన్నన్నా తొయ్యనియ్యి," అన్నాడు బండివాడు.

"ఏవండీ! నేనిక్కడున్నా! ఏవండీ!" అని ఆవిడ చెప్పులు వేసుకుంటూ అరిచింది. నేనూ చెయ్యెత్తాను, వెళ్లొస్తానని చెప్పడానికి. ఆయన ఒక చెయ్యి పెట్టెమీద వేసి, ఒంటిమీది పొట్టు రాల్చుకుంటూ, మా ఇద్దరిలో ఎవరివైపూ తలతిప్పకుండా, బండి పక్కన నడుస్తూ ఇనుప సామాన్ల వీధి మలుపు తిరిగిపోయాడు.