నడవ కప్పు కింద మునిరామయ్య

మునిరామయ్యకి మనుషుల మొహం చూసి మాట్లాడే అలవాటు లేదు. ఎక్కడికెళ్ళినా ముందు తలెత్తి పైకప్పు చూస్తాడు. నిప్పంటుకుంటే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఎన్నున్నాయో లెక్కపెడతాడు. పలకరింపు ఆ తర్వాతే. మేనకోడలి పెళ్ళిలో ఇలాగే మండపం కప్పు చూస్తూ అక్షింతలు వేస్తే అవన్నీ పురోహితుడి నెత్తిన పడ్డాయి. "ఒక్కటీ లేదే!" అన్నాడట పెళ్ళికూతురితో, ఆశీర్వాదానికి బదులు.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఆయన ఫైర్ సూపర్‌వైజరు. అక్కడే ఆయాగా చేసే ఎస్తేరుకి ఆయనంటే ఒళ్ళుమంట. ఎందుకుండదూ! ఆయుధపూజకి ఆయాలంతా కలిసి బకెట్లకీ స్ట్రెచర్లకీ బొట్లు పెట్టి, ఊపులో స్ప్రింక్లర్లకి కూడా గంధం, కుంకుమ పెట్టేశారు. చర్చికెళ్ళే ఎస్తేరు కూడా ముచ్చటపడి నిచ్చెన పట్టుకుంది.

"ఎవురు గాజుబుడ్డికి బొట్టు పెట్టింది?" అని ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచి, ఆ బొట్లన్నీ ఆయనే ఎక్కి తుడిచాడు.

"పండగ పూట బొట్టు తుడిస్తే అరిష్టం గాదా సార్?" అంది ఎస్తేరు.

"వేడి తగిలితే ఆ బుడ్డి పగిలి నీళ్ళు రావాలమ్మా. మీ గంధం గట్టిపడి అది పగలకపోతే, అదీ అరిష్టం!" అన్నాడు, కప్పుకి చెప్తున్నట్టు.

అయితే ఆయన పోరంతా నడవ గురించే. పాత బిల్డింగునీ కొత్త బిల్డింగునీ కలుపుతూ రేకుల కప్పుతో ఒక నడవ ఉంది. వానజల్లు పడకుండా పక్కలకీ రేకులు కొట్టారు. ఐసీయూలో ఉన్నవాళ్ళ మనుషులు చాపలేసుకుని బతికేది అక్కడే. మునిరామయ్య రోజుకి పదిసార్లు వచ్చి, స్టవ్వులు లాక్కుని, ఆరేసిన చీరలు తీయించి, స్ప్రింక్లర్లు లేని కప్పు వంక చూసి నిట్టూర్చేవాడు.

"మళ్ళా వచ్చినాడు సచ్చినోడు" అని గొణిగేది పలమనేరు సుబ్బులమ్మ. ఆమె భర్త ఐసీయూలో చేరి అప్పటికి పందొమ్మిది రోజులు.

మేనేజరు ధనశేఖర్ దగ్గర మూడేళ్ళుగా ఇదే గోల.

"నడవకి స్ప్రింక్లర్లు అక్కర్లేదని రూల్లోనే ఉండాది కదప్పా?"

"పక్కలు తెరిచి, కింద ఏమీ లేకుంటే అక్కర్లేదు సార్. ఈడ పక్కలు మూసినాం. మనుషులుండారు."

"ఫైరాఫీసు తనిఖీ రోజు పక్క రేకులు విప్పి, మనుషుల్ని పంపించెయ్. తీరిపోయె."

ఆ మాటకి మాత్రం మునిరామయ్య కప్పు చూడలేదు. తలొంచుకుని నేల చూశాడు.

తనిఖీ రోజు పొద్దున్నుంచీ వాన. రేకులు విప్పేశారు. సెక్యూరిటీ వాళ్ళు అందర్నీ గేటు బయటికి తోలుతున్నారు. మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరిన సుబ్బులమ్మకి మునిరామయ్య అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు యాడికీ పోవద్దు. చాప పరుచు."

ఆమె నమ్మలేదు. ఆయనే చాప లాక్కుని పరిచి, తనూ దానిమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అంతలో ఫైర్ ఆఫీసరు రానే వచ్చాడు.

"ఇది ఉత్త నడవ సార్" అన్నాడు ధనశేఖర్.

"కాదు సార్. ముప్పైమంది ఈడనే ఉంటారు. రాసుకోండి" అన్నాడు మునిరామయ్య. "మూడేండ్ల కిందట ఇట్నే తనిఖీ వస్తే అందర్నీ నేనే బయటికి తరిమినాను. రూలు గదా అని. పులికాట్ నించి వచ్చిన వరదమ్మ బస్టాపు కాడ తడస్తా కూర్చోనుండాది. ఈడ ఆమె మొగుడికి ప్రాణం పోతా ఉండాది. నర్సు ఈ నడవలోనే నిలబడి వరదమ్మా, వరదమ్మా అని పిలిసింది. పలికేదానికి ఎవురూ లేరు. నేను వెతికి పిల్చుకొచ్చేసరికి అంతా అయిపోయినాది సార్."

ఎస్తేరు చేతిలో చీపురు ఆగిపోయింది. స్ప్రింక్లర్లుంటే ఇక ఎవర్నీ తరమక్కర్లేదనా ఈ మనిషి పోరంతా! ఇన్నాళ్ళూ తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది.

మనుషులుండే చోటు గనక స్ప్రింక్లర్లు పెట్టాలి, లేదా వాళ్ళకి వేరే గది కట్టాలి అని ఆఫీసరు రాసిపోయాడు. గది కట్టడం కంటే పైపులే తేలికని ఆస్పత్రి ఒప్పుకుంది. మునిరామయ్యని మాత్రం రేపట్నించి రావద్దంది. ఆయన టిఫిన్ క్యారియరు పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

సుబ్బులమ్మ భర్త ఆ వారంలోనే పోయాడు. నర్సు పిలిచినప్పుడు ఆమె నడవలోనే ఉంది. పరిగెత్తింది. చివరిదాకా ఆయన చెయ్యి పట్టుకునే ఉంది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఎస్తేరు ఫోన్ చేసింది.

"పైపులు పెట్టినారు సార్. రేకులు గూడా మళ్ళా కొట్టినారు."



"మనుషులుండారా?" అన్నాడు మునిరామయ్య.

"ఉండారు. బువ్వ తిని అందరూ పడుకోనుండారు. ఒక్కసారి వచ్చి సూసి పోరాదా సార్?"

"వద్దులేమ్మా. నేనొస్తే ఊరికే ఉంటానా? ఏదో ఒకటి అరిచి అందర్నీ లేపుతాను. పడుకోనీ పాపం."