అందరి ఆకుల్లోనూ ఒకే నోము

2019 జనవరి 18, శుక్రవారం. దేవదానపట్టి దగ్గర ఒక కొబ్బరితోట. హాజరైనవారు: వైద్యాధికారిగా నేను, స్టాఫ్ నర్సు సెల్వి, ఫార్మసిస్టు, పాదయాత్ర కమిటీకి తలవరు, అంటే అధ్యక్షుడు, రంగసామి నాయుడు, చిన్నమనూరు నుంచి నడిచి వచ్చిన భక్తులు.

తైపూసం పండుగకు మా కంబం లోయ నుంచి పళని గుడి దాకా వేల మంది నడుస్తారు. దారిలో వైద్య శిబిరాలు నడపడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులను కొన్ని రోజులు డిప్యుటేషన్ మీద పంపుతారు. బొబ్బలకు కట్టు కట్టడం, రక్తపోటు చూడడం, అవసరమైతే పెద్దాసుపత్రికి రిఫరల్ రాయడం మా పని. తిండి పెట్టడం కమిటీ పని. వాళ్ళ వంట మేము తనిఖీ చేయాలని ఏ ఉత్తర్వులోనూ ఉండేది కాదు.

రోజంతా ఎండలో నడిచే మనిషి చెమటతో నీటిని, ఉప్పును కూడా పోగొట్టుకుంటాడు. నీళ్ళు మాత్రమే తిరిగి పోస్తూ ఉంటే రక్తంలో మిగిలిన ఉప్పు పలచబడుతుంది. ముదిరితే మెదడు వాస్తుంది. చూడడానికి వడదెబ్బలాగే ఉంటుంది, కానీ వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తే ప్రాణం పోతుంది.

మధ్యాహ్నం నలుగురు మగవాళ్ళు చిన్నతాయిని మోసుకొచ్చారు. ద్రాక్షతోటల్లో కూలికి వెళ్ళే మనిషి, నలభై దాటి ఉండవు. వాంతులు, తలనొప్పి. వేళ్ళు ఉబ్బి ఉంగరం లోపలికి దిగిపోయింది. పక్కన కూర్చున్న మేనత్త వీరమ్మాళ్‌ను పట్టుకుని "నువ్వెవరు?" అని అడుగుతోంది. జ్వరం లేదు, నోరు ఎండలేదు. కమిటీ కార్యకర్త ఒకడు ఆమె నోటికి నీళ్ళ సీసా ఆనించి పట్టుకున్నాడు.

"ప్రతి పందిట్లోనూ బాటిలు నిండా తాపినాము డాక్టరమ్మా. వద్దంటే కూడా విడువలేదు," అన్నాడు గర్వంగా.

సీసా లాక్కున్నాను. ఏం తిన్నదని అడిగాను.

"ఉప్పు లేని సోరుదా," అని అన్నం సంగతి చెప్పింది వీరమ్మాళ్. "రెండు దినాలుగా అందరికీ అదే."

"ఈమెకు ఉప్పు నోమా?"

"దానికేమి ఉప్పు నోము! చెప్పుల్లేక నడిచేది దాని నోము. ఉప్పు విడిచింది నేను. నాకు అలవాటు. మెల్లగా నడుస్తాను, దాహమైతేనే రెండు గుటకలు తాగుతాను. ఇది, అయ్యో పాపము, పెట్టింది తినింది, పోసింది తాగింది."

ఏటా ఉప్పు విడిచినవాళ్ళు కొద్దిమందే ఉంటారు. మిగతావాళ్ళ ఆకు మూలన ముందు ఉప్పు పడుతుంది, ఆ తరువాతే అన్నం. ఆ ఏడాది కమిటీ ఆ ఉప్పును, వంటలో వేసే ఉప్పును కూడా ఎత్తేసింది. రెండు రకాలుగా వండడం శ్రమ. పైగా "ఉప్పు విడిచిన యాత్ర" అని దారి పొడుగునా ఫ్లెక్సీలు కట్టారు. నడిచేవాళ్ళలో ఒక్కరిని కూడా అడగలేదు.

వాంతులవుతున్న మనిషికి, స్పృహ చెదిరిన మనిషికి నోటితో ఏదీ ఇవ్వకూడదు. అంబులెన్సు పిలిచి, ఉప్పు లేని గ్లూకోజు నీళ్ళు ఎక్కించవద్దని, ముందు సోడియం పరీక్ష చేయమని రిఫరల్‌లో పెద్ద అక్షరాలతో రాసి, సెల్విని వెంట పంపాను. దారిలో చిన్నతాయికి మూర్ఛ వచ్చిందని సెల్వి ఫోను చేసింది. ఆసుపత్రికి చేరాక సోడియం బాగా పడిపోయిందని తేలింది. గాఢమైన ఉప్పు సెలైన్ కొంచెం కొంచెంగా ఎక్కించడం మొదలుపెట్టారు. తెల్లవారేదాకా ఏమీ చెప్పలేమన్నారు.

నేను నాయుడి దగ్గరికి వెళ్ళి, సాయంత్రం పంక్తిలో ఉప్పు పెట్టించమన్నాను.

"ఒక్కరికి మయకం వచ్చి కండ్లు తిరిగినాయని సామి కార్యము మారుస్తామా డాక్టరమ్మా? ఒక్కొక్కరికీ ఒక్కొక్క పొయ్యి పెట్టేది ఎట్ల?"

"పొయ్యి ఎవరడిగారు? ఆకు మూల చిటికెడు ఉప్పు."

"బోర్డు కట్టేసినాము గదా. నోము చెడితే ఆ పాపము మీరు మోస్తారా?"

"పాపం సంగతి నాకు తెలియదు. ఆమె పోతే మాత్రం ఆసుపత్రివాళ్ళు మరణ ధ్రువీకరణ రాస్తారు. అందులో కారణం అనే గడి ఒకటుంది."

ఆయన తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయాడు. సాయంత్రం కూడా ఉప్పు లేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దినకూలికి బతికే ఆడమనిషి తన మొక్కు తానే ఎంచుకుంది, అరికాళ్ళు చిట్లినా నిలబెట్టుకుంది. ఆమె నోట్లోకి ఇంకొకరి మొక్కును తోసి, దానికి భక్తి అని పేరు పెట్టుకున్నారు. జరిగినదంతా డిప్యూటీ డైరెక్టరుకు నివేదికగా రాసి పంపాను. దాని మీద ఏ చర్యా తీసుకోలేదు.

మరునాడు ఉదయం పొంగలి పంక్తి వేశారు. నేను మందుల బల్ల వదిలి వంట పందిట్లో నిలబడ్డాను, అవసరమైతే నేనే వడ్డించాలని. ఈలోపు వీరమ్మాళ్ ఎక్కడినుంచో ఉప్పు పొట్లం తెచ్చి, చాటలో పోసుకుని, పంక్తి మొదట్లో వంగింది.

"ఏమి పెద్దమ్మా, ఉప్పు విడిచి ఉప్పు తాకుతుండారే!" అని నాయుడు అడ్డం వచ్చాడు.

"తినేది లేదురా, తాకితే ఏమి? నా నాలిక మీద నా నోము. వాండ్ల నాలిక మీద నీకేమిరా వేల, నీకేమి పని?"

పంక్తిలో ఎవరో, "మెల్లగా అడుగు అవ్వా, తలవరుకు బీపీ వస్తుంది," అన్నారు. నవ్వులు లేచాయి. నాయుడు పక్కకు జరిగాడు.

అప్పుడే సెల్వి ఫోను వచ్చింది. చిన్నతాయి కళ్ళు తెరిచి అత్త పేరు సరిగా చెప్పిందట, యాత్ర ఎంతదాకా వెళ్ళిందని అడిగిందట. పంక్తికి అడ్డంగా నడిచి వెళ్ళి వీరమ్మాళ్‌కు చెప్పాను. ఆమె తల ఊపింది, వడ్డన ఆపలేదు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఏ శిబిరానికి వెళ్ళినా మందుల పెట్టె తెరవకముందే వంట పందిట్లోకి వెళ్ళి, ఏం వండుతున్నారు, ఎవరు నిర్ణయించారు అని అడిగేదాన్ని. నడిచే మనిషికి ఏం కావాలో వైద్యులు చెప్పగలరు. ఏది విడవాలో ఆ మనిషే చెప్పాలి.

ఆ ఉదయం పంక్తిలో ముగ్గురు ఆకు మీద చేయి అడ్డం పెట్టారు. వీరమ్మాళ్ వాళ్ళను ఎందుకని అడగకుండా దాటి, పక్క ఆకులో ఉప్పు వేసింది.