చెమట పట్టని పిల్ల, నేను బిగించిన ఏసీ

మా అమ్మాయికి చెమట పట్టదు. పుట్టుకతోనే ఆ గ్రంథులు లేవని హైదరాబాద్‌లో డాక్టరు చెప్పేనాటికి దానికి ఏడాదిన్నర. ఎండ ముదిరితే ఒంట్లో వేడి బయటికి పోదు. జ్వరంలా ఎక్కి, ఫిట్స్ దాకా వస్తుంది. అచ్చంపేటలో ఉన్నన్నాళ్లు చెట్ల నీడ, కూలరు, తడిబట్టలతో గట్టెక్కాం. దానికి ఐదేళ్లు నిండిన వేసవిలో నాకు వనపర్తి ఆఫీసుకు బదిలీ అయింది. దొరికింది పాత రాతిగోడల ఇల్లు. అందులో కూలరు వేడిగాలినే తిరిగి మా మీదికి విసిరేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం పిల్ల కళ్లు తేలేసింది. దవాఖానలో రెండు రోజులు ఉంచుకుని పంపుతూ డాక్టరమ్మ అన్నది: "గది సల్లగ ఉండాలమ్మా. మళ్ల గిట్లయితే నేను గ్యారంటీ ఇయ్యలేను."

మా ఆయన లారీ మీద గుజరాత్ వెళ్లి ఉన్నాడు. పిల్లను పక్కింటి పెద్దమ్మకు అప్పగించి దుకాణానికి పరుగెత్తాను. కిటికీలో పెట్టేది తేలికని షాపాయన చూపించాడు. మా కిటికీ జానెడు, దానికి ఇనుప చువ్వలు. ఇక లోపలొక పెట్టె, బయటొక పెట్టె ఉండే స్ప్లిట్ ఏసీ ఒక్కటే దారి. గది కొలతలు చెప్పాను.

"పైన ఒట్టి స్లాబు గద మేడం, ఒక టన్ను సాలదు. ఒకటిన్నర తీస్కోండ్రి," అన్నాడాయన.

"ఎప్పుడు బిగిస్తరు?"

"ఫిట్టర్లు ఇద్దరే ఉన్నరు. పన్నెండు దినాలు పడ్తది."

"నా బిడ్డ అన్ని దినాలు ఆగదన్నా."

ఆయన ఏసీ పెట్టెలు మాత్రం ఆ సాయంత్రమే ఆటోలో పంపాడు.

కొత్తకోటలో లారీ క్యాబిన్ల ఏసీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన మా ఆయనకు దోస్తు. ఫోన్ చేస్తే, కాలు విరిగి పిండికట్టుతో ఉన్నానన్నాడు.

"కాలు కింద పెట్టెతట్టు లేదు వదినా. పనిముట్లన్నీ పొద్దుగాల్ల బస్సుకు పంపుత. వీడియోల చూసుకుంట చెప్త. నువ్వే బిగియ్యి."

"నాకేం తెల్వదు భాయ్. గుండుసూది కూడ గోడకు కొట్టలేదు."

"ఇంకెవరున్నరు మరి?"

"సరే, పంపు భాయ్," అన్నాను.

కరెంటు పని మాత్రం నన్ను ముట్టుకోవద్దన్నాడు. తెల్లారి పనిముట్లు బస్సులో వచ్చాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు నుంచి వేరే వైరు లాగి, స్టెబిలైజర్ పెట్టి వెళ్లాడు. మిగిలింది నేను, పెద్దమ్మ, గోడకు ఆనించిన ఫోన్. పిల్లను నీళ్ల టబ్బులో కూర్చోబెట్టాం.

డ్రిల్లు అంగుళం దిగి ఆగిపోయింది. నల్లరాయి. మొన అరిగి పొగ వచ్చింది. గంటసేపు అదే చోట పొడిచాక మెకానిక్ ఫోన్‌లో అరిచాడు. "రాయిని కొట్టకు వదినా. రెండు రాళ్ల నడుమ సున్నం ఉంటది, ఆడ పెట్టు. బయటి దిక్కు జర వాలుగ ఉండాలె, నీళ్లు పోవాలె."

సున్నం రాలింది. ఉలితో తవ్వి తవ్వి అటువైపు వెలుతురు కనిపించేసరికి నా వేళ్లు నెత్తురోడుతున్నాయి. టబ్బులో నీళ్లు గోరువెచ్చనయ్యాయి. థర్మామీటరు నూటరెండు చూపించింది. పిల్ల మాట్లాడటం మానేసింది. నా చేతకానితనంతో నా బిడ్డను నేనే చంపుకుంటున్నానేమో అనిపించింది.

లోపలి పెట్టెను పెద్దమ్మ భుజం మీద మోసి పట్టుకుంటే గోడకు తగిలించాను. బయటి పెట్టెను పెరట్లో బండ మీద నిలిపాం. రాగి గొట్టం నలగకుండా మెల్లగా వంచి, నట్లు బిగించి, గొట్టంలోని గాలిని బయటికి లాగే పంపు పెట్టాను. అరగంటకు పంపు మీటరు ముల్లు కిందికి దిగింది. పంపు ఆపగానే మళ్లీ పైకి లేచింది.

"యాడనో గాలి పీలుస్తుంది," అన్నాడు మెకానిక్. "ఒక నట్టు సరిగ కూసోలే. గొట్టం కొస కోసి, నట్టుల కూసునెతట్టు అంచును మళ్ల పూవు లెక్క ఇప్పాలె."

నేను నేల మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. ఆయన ఫోన్ పెట్టేయలేదు, తొందరపెట్టలేదు. "జర నీళ్లు తాగు వదినా. మళ్ల కోద్దాం," అన్నాడు.

"నువ్వు పోయి పని చూడు. పిల్లను నేను చూస్తున్న గద," అన్నది పెద్దమ్మ, తడిగుడ్డ మారుస్తూ.

మళ్లీ కోశాను. మొదటిసారి అంచు చీలింది. రెండోసారి కుదిరింది. ఈసారి ముల్లు కదలలేదు. కాసేపు చూశాక మెకానిక్ బయటి పెట్టెలో గ్యాస్‌ను ఆపి ఉంచే వాల్వులు విప్పమన్నాడు. గ్యాస్ సుయ్‌మని పారింది. నట్ల మీద సబ్బునురగ రాశాను. బుడగ లేవలేదు.

రిమోట్ నొక్కాక నిమిషం పాటు ఏమీ కాలేదు. తర్వాత బయటి పెట్టె గుర్రుమంది. పిల్లను తుడిచి ఆ గాలి కింద పడుకోబెట్టాను. పావుగంటకోసారి థర్మామీటరు పెట్టాను. నూటరెండు. నూటొకటిన్నర. నూరు. నాలుగింటికి అది కళ్లు తెరిచి, "సలి పెడ్తుందమ్మా," అన్నది. ఆ మాట దాని నోట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దుప్పటి కోసం బీరువా అంతా గుమ్మరించాను.

పని సక్రమంగా జరిగిందని చెప్పను. వాలు సరిపోక నెలపాటు నీళ్లు గది లోపలే కారాయి, కింద బకెట్ పెట్టుకున్నాం. కరెంటు పోయినప్పుడల్లా ఇప్పటికీ టబ్బు వైపు పరుగెడతాను. జూన్‌లో మెకానిక్ కుంటుకుంటూ వచ్చి నా పనంతా చూసి, పైపు వాలు సరిచేసి, నేను బిగించిన నట్లను మాత్రం ముట్టుకోలేదు.

"ఇవి గిట్లనే ఉండనీ," అన్నాడు.