వేరు పెట్టిన కంచం

నిన్న నాంపల్లిలో నర్సు మా అమ్మాయి భుజానికి స్పిరిట్ దూది రాయగానే ఆ ఘాటు నా ముక్కుకు తగిలింది. ముందు ముందు గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను అడ్డుకునే టీకా అది. సూది చూసి పిల్ల మొహం తిప్పుకుంది. నాకేమో శకుంతల మేడం గుర్తొచ్చింది.

మేడం అబిడ్స్‌లో మందుల దుకాణం నడిపేది. పెళ్లికి ముందు నుంచీ నేను అక్కడే కౌంటర్‌లో ఉండేదాన్ని. కండోమ్ కొనడానికి వచ్చినవాళ్లు ముందు దగ్గు బిళ్లలు అడిగి, నేను అటు తిరిగాక అసలు మాట గొణిగేవాళ్లు. నేనూ తక్కువదాన్ని కాదు, పెట్టెను న్యూస్‌పేపర్‌లో చుట్టి, దారం కట్టి, మొహం చూడకుండా ఇచ్చేదాన్ని. "గంత కట్టుడేందే? ఏమన్న దొంగసొత్తా?" అని మేడం నవ్వేది.

పెళ్లయిన మూడో నెలలో మా ఆయన రక్తదానం చేస్తే, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి ఉందని కబురొచ్చింది. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చి ఉండొచ్చన్నారు డాక్టరు. మిగతాదేదీ నా బుర్రకెక్కలేదు. భయంతో ఆయనకు కంచం, గ్లాసు వేరు పెట్టాను. ఆయన వంటింటి గడప దగ్గర విడిగా కూర్చుని తిన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తర్వాత దుకాణంలో ఏడుపు ఆగక మేడంకు చెప్పేశాను.

"కంచం వేరు పెట్టినవా?"

"ఔ మేడం."

"మరి పక్క?"

పక్క మాత్రం వేరు పెట్టలేదని గొణిగాను.

"కంచంల నుంచి రాదు బిడ్డా అది. రక్తం నుంచి వస్తది, ఆలుమొగలు కలిస్తే వస్తది. పొద్దంతా గా పెట్టెలు అమ్ముతవు, ఒక్కటన్న ఇంటికి తీస్కపోవాలని తోచలేదా?"

నిజంగా తోచలేదు. అవి ఎవరో చెడు తిరుగుళ్లు తిరిగేవాళ్లకనే అనుకున్నాను.

మేడం అప్పటికప్పుడు దుకాణం మూసి నన్ను దవాఖానకు తీసుకెళ్లింది. పరీక్షలో నాకు సోకలేదని తేలింది. మూడు డోసుల టీకా మొదలుపెట్టి, అది పనిచేసిందని రిపోర్టు వచ్చేదాకా కండోమ్ తప్పదని డాక్టరు చెప్పారు. ఆయన్ను కూడా క్రమం తప్పకుండా చూపించుకోమన్నారు. ఆ సాయంత్రం మేడం ఇచ్చిన పెట్టెను చుట్టకుండానే సంచిలో వేసుకున్నాను. రాత్రి రెండు కంచాలూ పక్కపక్కన పెట్టి వడ్డిస్తే, ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉండిపోయారు.

చివరి డోసు అయిన రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. మేడమే చదివింది. "ఇగ ఫికర్ లేదు. మంచిగ పనిచేసింది," అంది. నేను మందుల అట్టపెట్టె మీద కూలబడి హాయిగా ఏడ్చాను. అన్ని నెలల తర్వాత గుండె తేలికపడింది.

మేడం ఇప్పుడు లేదు. ఆ కౌంటర్ నేనే చూస్తున్నాను. నిన్న టీకా వేయించి పిల్లతో దుకాణానికి వచ్చేసరికి, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉన్న ఒకమ్మాయి నిలబడి ఉంది. అందరూ వెళ్లాక మెల్లగా అడిగింది. పెట్టె తీసి ముందుంచాను.

"పేపర్ల చుట్టియ్యరా అక్కా?"

"ఎందుకమ్మా? ఏమన్న దొంగసొత్తా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. వెనక నుంచి మా పిల్ల కూడా నవ్వింది.