బాగున్న రేడియోకి ఒక ప్రశ్న

ఇప్పటివాళ్ళకి కంప్యూటరు గురించో ఫోను గురించో అనుమానం వస్తే, ఏదో గుంపులో పేరు నమోదు చేసుకుని, ముఖం తెలియని నలుగురిని అడిగేస్తారు. టీ చల్లారేలోపు జవాబు వచ్చేస్తుంది. నా ఇరవయ్యో పడిలో అలాంటి గుంపు ఒకటి ఉందని తెలియడానికే ఆరు నెలలు పట్టింది. అందులో చేరడానికి గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాల్సి వచ్చింది. చేరిన తీరు మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. (మా అక్కకి తెలుసు. నా గురించి ఆవిడకి తెలియనిదేదీ లేదు కాబట్టి ఆవిడని లెక్కలోకి తీసుకోను.)

డెబ్బైల చివర్లో గుడివాడలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. పోస్టులో వచ్చే రేడియో పాఠాలు తెప్పించుకుని, ఆఖరి పాఠం దాకా చదివేశాను. దాంతో రేడియో గురించి నాకు తెలియనిదేమీ లేదని గట్టి నమ్మకం ఏర్పడింది. అప్పటికి ఒక్క రేడియోని కూడా విప్పి చూడలేదన్న సంగతి ఆ నమ్మకానికి ఏమాత్రం అడ్డు రాలేదు. నా లోటల్లా నా విద్యని గుర్తించే మనుషులు లేకపోవడం. అలాంటి సమయంలో లైబ్రరీలో ఒక ఇంగ్లీషు ఎలక్ట్రానిక్సు పత్రిక తిరగేస్తుంటే, పాఠకుల ఉత్తరాల్లో బందరు చిరునామా కనిపించింది. అక్కడ ఒక రేడియో షాపులో ఆదివారాలు కొందరు కూర్చుని మాట్లాడుకుంటారట, కొత్తవాళ్ళు రావచ్చట. వెంటనే కార్డు ముక్క రాశాను. వారంలో జవాబొచ్చింది: 'ఆదివారం మధ్యాహ్నం రండి. వచ్చేటప్పుడు ఒక ప్రశ్న తెచ్చుకోండి.'

చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నీ తెలిసినవాడికి ప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండు రోజులు ఆలోచించి, ప్రశ్న కోసం బావ రేడియో విప్పాను. అది పెద్ద వాల్వుల సెట్టు, అక్క అల్లిన లేసు గుడ్డ కప్పుకుని హాల్లో పెద్దరికంగా కూర్చుని ఉండేది. బావ హైస్కూలు టీచరు. నెల రోజుల ట్రైనింగుకి గుంటూరు వెళ్ళాడు. ఆయనకి వార్తలు వినకపోతే అన్నం ముద్ద దిగదు. వెనక అట్ట తీసి చూద్దును కదా, లోపల చిన్న రేకు డబ్బాలు, వాటి నెత్తిన స్క్రూలు, స్క్రూల మీద మైనం. మైనం గీకి చూస్తే అన్ని స్క్రూలూ వదులుగా ఉన్నాయి. ఎవడో మెకానిక్కు నిర్లక్ష్యంగా వదిలేశాడని బావ మీద జాలిపడి, ఒక్కొక్కటే అడుగంటేదాకా బిగించాను. (అవి స్టేషన్లు సరిగ్గా పలకడం కోసం చెవిపెట్టి వింటూ ఎక్కడికక్కడ నిలిపిన స్క్రూలనీ, కదలకుండా పైన మైనం పోస్తారనీ నా పాఠాల్లో ఉంది. నేను దాన్ని కొంచెం తొందరగా చదివాను.) స్విచ్చి వేస్తే గుర్రుమని శబ్దం తప్ప విజయవాడ లేదు, హైదరాబాదు లేదు. అప్పుడు ఆ పాఠం మళ్ళీ తీరిగ్గా చదివాను.

"ఏరా, బాగున్న రేడియోని ఎందుకు కెలికావు?" అంది అక్క.

"సర్వీసింగు అక్కా."

"మీ బావ వచ్చేసరికి అది మాట్లాడకపోతే, ఆయన నాతో మాట్లాడడు. అది గుర్తు పెట్టుకో."

ఆ ఆదివారం ఒక ప్రశ్నా, మూడున్నర వారాల గడువూ పట్టుకుని బందరులో దిగాను. షాపు యజమాని ముస్లిం పెద్దాయన, ఊరందరికీ రేడియో మావయ్య. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు, ఆయన్ని ఐసు బావ అనేవారు. అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చే మిషన్ స్కూలు సైన్సు మాస్టారు మూడో ఆయన. మిగతావాళ్ళు వస్తూ పోతూ ఉండేవారు. అందరికీ కలిపి బల్లకి పురికొసతో కట్టిన ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. ప్రశ్న అందులోనే రాయాలి. వారంలో ఎవరు ఎప్పుడొచ్చినా చదివి, తోచిన జవాబు కింద రాసి, ముద్దుపేరుతో సంతకం పెట్టి పోతారు. ప్రశ్నకి ముందు రెండు మాటలు తప్పనిసరి: ఏం జరిగింది, అంతకుముందు మీరేం చేశారు. మొదటిదానికి అరపేజీ రాశాను. రెండోదాని దగ్గర కలం ఆగింది. అప్పుడే పరిచయమైన పెద్దల ముందు స్క్రూల సంగతి ఎలా ఒప్పుకుంటాను? 'ఏమీ చెయ్యలేదు' అని అందంగా రాశాను.

పాపం, వాళ్ళు నమ్మారు. ఐసు బావ ఏరియల్ అనుమానించి రాగితీగ చుట్ట ఇచ్చాడు. నేను డాబా ఎక్కి, కొబ్బరిచెట్టుకి కట్టి, మోచేతులు గీక్కుని దిగాను. రేడియో గుర్రుమంది. రెండో వారం మావయ్య కండెన్సర్ ఇచ్చాడు. మార్చాను, గుర్రుమంది. మూడో వారం మాస్టారు చేతిరుమాల్లో చుట్టిన గాజు వాల్వు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా పట్టుకెళ్ళండి బాబూ, బండిలో కుదుపులుంటాయి" అన్నారు. పోయినదేమిటో వాళ్ళకి తెలియకపోయినా, నాకు తెలుసు. తెలిసినవాణ్ణి తెలియనట్టు తల ఊపుతూ, ఆ వాల్వుని ఒళ్ళో పెట్టుకుని గుడివాడ దాకా తెచ్చాను. అది పెట్టినా గుర్రే.

నాలుగో ఆదివారం, అంటే బావ వచ్చే బుధవారానికి మూడు రోజుల ముందు, వాల్వు తిరిగిచ్చేద్దామని వెళ్ళాను. మాస్టారి బస్సు ఇంకా రాలేదు. ఐసు బావ బీడీ ఆర్పి, మామూలుగా అన్నాడు: "తొందరగా ఇచ్చెయ్యి తమ్ముడూ. అది మాస్టారి ఇంటి సెట్టులోంచి పీకిందే. వారం నుంచీ అమ్మగారికి పాటల్లేవు."

నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగు రోజుల పరిచయం కూడా లేని నా కోసం, నా అబద్ధం కోసం, ఒక ఇంట్లో రేడియో మూగబోయింది. నిజం చెబితే ఈ బల్ల దగ్గర నాకు చోటుండదని తెలుసు. చెప్పకపోతే ఉన్నా కూర్చోలేనని అప్పుడు తెలిసింది. నోటితో చెప్పే ధైర్యం రాక నోటుబుక్కు లాక్కుని, నా పాత జవాబు కొట్టేసి, 'మైనం గీకి అన్ని స్క్రూలూ బిగించాను. ప్రశ్న కావాలని విప్పాను. రేడియో అంతకుముందు బాగానే ఉంది' అని రాశాను. ఈలోగా మాస్టారు వచ్చి కూర్చున్నారు. మావయ్య కళ్ళజోడు సవరించుకుని, అక్షరం పొల్లు పోకుండా పైకి చదివాడు. నేను వాల్వు బల్ల మీద పెట్టి లేచాను.

"కూర్చో," అన్నాడు మావయ్య. "ఎన్ని చుట్లు బిగించావు?"

"అడుగంటేదాకా అండీ."

"అన్నీనా?" అన్నారు మాస్టారు.

"ఒక్కటీ వదల్లేదండీ."

మాస్టారు వాల్వు అందుకుని, రుమాల్లో చుట్టుకుంటూ, ముందు నెమ్మదిగా, తర్వాత ఆపుకోలేక నవ్వడం మొదలుపెట్టారు. "ఇన్ని వారాలూ లేని జబ్బుకి మందు వేశామన్నమాట. మా ఆవిడకి ఈ సంగతి చెప్పాలండీ, పాటలకన్నా ఇదే బాగుంటుంది" అన్నారు. ఐసు బావ మాత్రం నవ్వలేదు. "డాబా ఎక్కించాను కదా నిన్ను, ఆ శిక్ష చాల్లే" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టి ఉంటే తిరిగేవి కావు.

మర్నాడు సెలవు పెట్టి, రేడియోని దుప్పట్లో చుట్టి బందరు మోసుకెళ్ళాను. మావయ్య బాగుచెయ్యలేదు. స్క్రూలు తిప్పే ప్లాస్టిక్ పుల్ల నా చేతికిచ్చి, తను కళ్ళు మూసుకుని విన్నాడు. "పావు చుట్టు వెనక్కి. ఇంకొంచెం. ఆగు. ఇప్పుడు పక్కది." రెండు గంటలకి విజయవాడ పలికింది, ఆ తర్వాత హైదరాబాదు. బుధవారం బావ వార్తలు వింటూ భోంచేసి, "దీని గొంతు ఇంత బాగుండేదా?" అన్నాడు. అక్క నా వంక చూసి, నాకు ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారాలు ఆ బల్ల దగ్గరే గడిపాను. ఇప్పుడు ఆ షాపూ లేదు, ఆ ముగ్గురూ లేరు. ఒక్కోసారి స్క్రూడ్రైవరు పట్టుకుని, తనకి తెలియనిది లేదన్న ధీమాతో బావ రేడియో ముందు కూర్చున్న ఆ ఇరవయ్యొక్కేళ్ళవాడు గుర్తొస్తాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది గానీ, ఆపను. ఒకవేళ నా మాట వింటే, అన్నీ తెలిసినవాడిగా గుడివాడలోనే ఉండిపోతాడు పాపం.