ఇక్బాల్ సార్ రాసిన పుట్టినరోజు

ఇక్బాల్ సార్ నోట ఒక్కటే మాట: "పెద్ద కొలువు కొట్టాలె." ఆత్మకూరు పక్క పల్లె బడిలో ఒకటో తరగతి పిల్లలకూ అదే మంత్రం. ముక్కు కారుతున్నవాణ్ణి పట్టుకుని, "కలెక్టర్ సాబ్, జర ముక్కు తుడుసుకో" అనేవాడు. నవ్వేవాళ్లు నవ్వారు గానీ, ఆ పల్లెలో పది గట్టెక్కినవాళ్లంతా ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే.

బడిలో చేర్చే రోజున బిడ్డ పుట్టిన తేదీ ఏ తల్లికీ తెలిసేది కాదు. "వానలు బాగ గొట్టిన ఏడు పుట్టింది సార్" అనేవారు, అంతే. ఇక సార్ కలం ఎంత రాస్తే అంత వయసు. ఆయనేమో కంటికి తోచిన దానికన్నా ఏడాదో ఏడాదిన్నరో తగ్గించి రాసేవాడు. "రేపు సర్కారు కొలువొస్తే గన్ని దినాలు ఎక్కువ చేస్తరు గద!" అని సంబరపడేవాడు. పలక పట్టడం రాని పిల్లలకు అప్పుడే రిటైర్మెంటు ఆలోచన! ఏం మనిషో!

గోవిందు కూతురు అర్చనకూ అలాగే రాశాడు. ఆ పిల్ల ఇంటర్‌లో కాలేజీ ఫస్టు వచ్చింది. టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. సార్ ఆ సంగతి ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. గోవిందు మాత్రం ముందే తేల్చేశాడు: "గీ ఏడు సీటొస్తే సదువుతది సార్. రాకుంటే సీడు పత్తి చేన్లకు పోతది. ఇంక నాతోని కాదు."

2007 సెప్టెంబరులో సీట్లిచ్చే చోట అర్చన సర్టిఫికెట్ చూసి వెనక్కి పంపారు. పదిహేడేళ్లు నిండాలట. రెండు నెలలు తక్కువైంది.

ఆ కబురు సార్‌కు చేరింది. ఆ తేదీ తన చేత్తో రాసిందే. మర్నాడే పాలమూరు బస్సెక్కి విద్యాశాఖ ఆఫీసుకు పోయాడు. "పది పాసయినంక తేదీ మారదు. సారువయ్యుండి గిది తెల్వదా?" అన్నాడు గుమాస్తా. తెలుసు. తెలిసే వెళ్లాడు, బతిమాలాడు, చేతులు జోడించాడు. పని కాలేదు.

"మంచికే చేసినవ్ గద, ఎందుకు పరేషానయితవ్?" అంది భార్య ఖతీజాబీ.

"నా మంచి మంట్ల గలువ!" అని కసిరాడు. అంతకు ముందు ఆమెను ఎప్పుడూ అలా కసరలేదు.

గోవిందు ఇంటికి పోయేసరికి పిల్ల అప్పటికే చేనుకు పోయింది. సార్ అక్కడికే నడిచాడు. అర్చన మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రుద్దుతోంది, విత్తనపు పత్తికి చేసే పని అది. సార్‌ను చూడగానే తరగతిలో నిలబడ్డట్టే నిటారుగా నిలబడింది.

"తప్పు నాదే బేటా. కావాల్ననే నీ వయసు తగ్గించి రాసిన. నీకు మంచిగయితదనుకున్న. మాఫ్ చెయ్యి." అంతమంది కూలీల ముందు సార్ ఏడ్చేశాడు.

అర్చన చేతికంటిన పుప్పొడిని ఓణీకి తుడుచుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు.

"అయితే సార్, నాకు నిజంగ ఎన్నేండ్లు?"

బడిలో చేరిన రోజు తల్లి చెయ్యి పట్టుకుని వచ్చిన ఆ పిల్లను ఎంత తలచుకున్నా సార్‌కు ముఖం గుర్తు రాలేదు.

"తెల్వదు బేటా. నేను సరిగ్గ అడగనే లేదు."